ఎదురెదురు బల్లలు

మిల్లు క్వార్టర్లు, వెనక వరస,
ఆదివారం

ఒరే టపాకాయ్,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఈ ముక్క రాయకపోతే నాకు పెన్ను కదలదు, అందుకని రాశాను. మీ బావకి దగ్గు తగ్గింది, విసుగు తగ్గలేదు.

నీ ఉత్తరంలో నీ తిండీ నిద్రా గురించి రెండు ముక్కలు, లోకం గురించి నాలుగు పేజీలు. దాంతో పాటు పంపిన ఎర్ర అట్ట పుస్తకం చదవబోతే మొదటి పేజీకే ఆవలింతలొచ్చాయి. మీ బావ దాన్ని మంచం కోడు కింద పెట్టాడు. ఇప్పుడు మంచం ఊగడం లేదు. నీ పుస్తకాల వల్ల కష్టజీవులకి ఒరిగిందేమీ లేదని ఇక మీదట ఎవరైనా అంటే నేనొప్పుకోను.

సీట్లు చేసే షెడ్డులో చేరావు కాబట్టి నీకో సంగతి చెప్పుకోవాలి. మమ్మల్ని మిల్లుకి తీసుకెళ్ళే మినీవ్యాను ఉంది చూడు, ఏడుగురి బండిలో కాంట్రాక్టరు పదిమందిని కుక్కుతున్నాడు. మధ్య వరస ఫరవాలేదు. కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది, తల పైకప్పుకి తగలదు, కాళ్ళు కింద ఆనుతాయి. శిక్షంతా వెనక వరసలో. సరిగ్గా చక్రాల మీద సీటు, మోకాళ్ళొచ్చి గడ్డానికి తగులుతాయి. గతుకు పడితే ముందు కూర్చున్నవాళ్ళు "అబ్బా" అంటారు, వెనక వాళ్ళకి అనడానికి ఊపిరి కూడా ఆడదు.

అక్కడ రోజూ కూర్చునేది దూది పిన్ని. దూది ఏకే మిషను దగ్గర పనిచేసి చేసి, ఆవిడ జుట్టు నెరిసిందో దూది అంటుకుందో ఎవరికీ తెలియదు. వీధి చివర్న ఎక్కుతుంది, ఎక్కేసరికి అదొక్కటే మిగులుతుంది. మన చిన్నప్పుడు అమ్మ పోయిన ఏడాది నీకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది, గుర్తుందా? నిన్న కాంట్రాక్టరు సెడాను మా పక్కనించి జుయ్యిమని వెళ్ళింది. వెనకాల ఒక్కడే కూర్చున్నాడు. పిన్ని కిటికీలోంచి చూసి, "ఏమే, ఆ కార్లో ఒక్కసారి కాళ్ళు చాపుకుని కూర్చోవాలే. ఆ తరవాత ఏమైపోయినా సరే" అంది. బండంతా నవ్వాం.

వెనక సీటుకి ఇంకాస్త స్పాంజి వెయ్యడానికి వీలవుతుందేమో మీ మేస్త్రీని అడుగు.

మీ అక్క


సీట్ల షెడ్డు, అటక మీది గది,
శుక్రవారం

అక్కా,

నా క్షేమం తరవాత. ముందు ఈ సంగతి విను. పుస్తకాన్ని మంచం కింద పెట్టిన బావ సంగతి చరిత్ర చూసుకుంటుంది.

నువ్వడిగింది స్పాంజి. స్పాంజితో అన్యాయం పోదక్కా, మెత్తబడుతుంది, అంతే. నీ ఉత్తరం అందిన వారానికే కాంట్రాక్టరు రెండు బళ్ళూ మా షెడ్డుకే పంపాడు. సెడానుకి కొత్త తోలు కవర్లు వెయ్యాలట. వ్యానులో పధ్నాలుగు మందిని పట్టించాలట. రెండూ పక్కపక్కనే నిలబెట్టారు. రెంటిలోనూ కూర్చుని టేపు పెట్టి కొలిచాను.

ముందు సెడాను. తల వంచి, నడుం వంచి, నూతిలోకి దిగినట్టు దిగాలి. వెనక ఎడమ పక్క ఆయనగారి స్థానం. అటు ముందు సీటుని పూర్తిగా ముందుకి నెట్టి ఉంచారు, అక్కడ కావలసినంత చోటు. కుడి పక్క మామూలు మనిషికి మోకాలికీ ముందు సీటుకీ మధ్య జానెడు కూడా లేదు. ఇక మధ్యలో నేల మీద ఒక దిమ్మ ఉంటుంది. అక్కడ కూర్చున్నవాడు దానికి చెరోవైపు కాలు వేసుకుని గాడిద ఎక్కినట్టుండాలి. ఆ చోట సీటు కూడా గట్టి, స్పాంజి పలచన. ఇంటికొచ్చిన పేద చుట్టానికన్నమాట. పైకప్పు వెనక్కి వాలి తలకి తగులుతుంది. కానీ ఆయనగారి ఆ ఒక్క స్థానంలో కూర్చుంటే ఉంది చూడూ, నడుం దాకా దిగబడిపోతావు. గతుకు తెలియదు, చప్పుడు తెలియదు. రోడ్డు మీద పోతూ రోడ్డే లేదనుకోవడం. వాళ్ళు సుఖమనేది దాన్నే.

వ్యాను అలా కాదు. అడుగు పైకి వేసి తిన్నగా కూర్చోవడమే. తొడల కింద సీటు పూర్తిగా ఆనుతుంది, నేల చదును, కిటికీ పెద్దది, దారిన పోయే మనుషులు కనిపిస్తారు. జనం బండి అది. దాన్ని పాడు చేసింది వరసలు. ముందు వరస, మధ్య వరస, వెనక వరస! వర్ణాల్లాగా! పైగా ప్రతివాడూ ముందువాడి వీపు చూస్తూ కూర్చోవాలి. మనిషి మొహం మనిషికి కనిపించకుండా చేస్తేనే కదా వాళ్ళ ఆటలు సాగేది.

మేస్త్రీ ఇంకో వరస ఇరికిద్దామన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మధ్యలో దూరి చెప్పాను: వరసలన్నీ పీకేద్దాం. రెండు పక్కలా రెండు పొడుగాటి బల్లలు, ఎదురెదురుగా. పధ్నాలుగు మంది, అందరిదీ ఒకే బల్ల, ఒకే ఎత్తు. వెనక వరస అనేదే ఉండదు. రోజూ అరగంట ప్రయాణం, అరగంట సభ!

మేస్త్రీ గొణిగాడు. "ఒరే, పక్కకి తిరిగి కూర్చున్న మనిషి బ్రేకు పడితే ఆగడురా. సీటుకి వీపూ, తలకి దిండూ, నడుముకి పట్టీ ఊరికే పెట్టలేదు" అన్నాడు. నలభై ఏళ్ళుగా దొరల వెనక భాగాలకి మెత్తలు కుట్టినవాడు అంతకన్నా ఏమంటాడు? కాంట్రాక్టరు మాత్రం నా భుజం తట్టాడు. "కుర్రాడికి బుర్రుందయ్యా, ఇతను చెప్పినట్టే కానియ్" అన్నాడు. శత్రువు చేతే మన పని చేయించుకోవడమంటే ఇదే అక్కా.

బల్లలు నా చేత్తో బిగించాను. ఏనుగు లాగినా ఊడవు. పట్టీలు కోసి పారేశాను, మనుషుల్ని కట్టేసే పట్టీ మనకెందుకు? పీకిన సీట్లలో ఒకటి మేస్త్రీ నన్ను తీసుకోమన్నాడు. దాని పట్టీ సీటుకే కుట్టి ఉంది, అందుకని మిగిలిపోయింది. అటక మీదికి మోసుకొచ్చుకున్నాను. అందులో కూర్చునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పిన్నితో చెప్పు, వెనక వరస చచ్చిపోయిందని.

నీ తమ్ముడు


మిల్లు క్వార్టర్లు,
బుధవారం

ఒరే నాయకుడూ,

నీ బల్లలెక్కి పది రోజులైంది. ఉన్నదున్నట్టు రాస్తాను, అలగకు.

మంచి సంగతి ముందు. ఎదురెదురుగా కూర్చున్నాక నిజంగానే మాటలు పెరిగాయి. ఇన్నాళ్ళూ మిషన్ల చప్పుడులో ఒకళ్ళ గొంతు ఒకళ్ళకి తెలియనే తెలియదు. దారాలు చుట్టే అమ్మాయి అంత బాగా పాడుతుందని మొన్ననే తెలిసింది. మిల్లులో మంచినీళ్ళ డ్రమ్ము వేడి తగలని చోట పెట్టమని అందరం కలిసి వెళ్ళి అడిగాం. పెట్టారు! "మా తమ్ముడు చేసిన బల్లల మహిమ" అని నేను నాలుగు వీధులకి వినపడేట్టు చెప్పుకున్నాను.

పిన్నికిప్పుడు పట్టాభిషేకం జరిగింది. ఇన్నాళ్ళూ వెనక మగ్గింది కదా అని ఆడవాళ్ళంతా తీర్మానించి, డ్రైవరు వెనకాల ఉన్న బల్ల చివర ఆవిడదే అన్నారు. అక్కడ గతుకు తక్కువ. పక్కన నేను. రోజూ ఎక్కగానే నా డొక్కలో పొడిచి, "మీ తమ్ముడికి పెళ్ళి చెయ్యవే, తిక్క కుదురుతుంది" అంటుంది.

ఇక రెండోది. పట్టుకోవడానికి ఏమీ లేదురా. మలుపు తిరిగితే ఇటు వాళ్ళం అటు వాళ్ళ ఒళ్ళో పడుతున్నాం. బ్రేకు వేస్తే బల్ల పొడుగునా జారిపోతున్నాం. రెక్సిను నున్నగా ఉంది, పైగా చీరలాయె. ఇప్పటిదాకా నవ్వుకుంటున్నాం. బైపాసు రోడ్డు మీద డ్రైవరు కొంచెం తొందర మనిషి. బల్లల పైన ఒక కడ్డీ వెయ్యలేవా? చెయ్యి ఆనడానికి ఏదో ఒకటి.

కాంట్రాక్టరు నీ భుజం తట్టాడని రాశావు. ఆయన ఊరికే ఎవరి భుజమూ తట్టడు.

మీ అక్క


సీట్ల షెడ్డు,
సోమవారం

అక్కా,

మంచినీళ్ళ డ్రమ్ము! నీకది చిన్న సంగతిలా కనిపిస్తోంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రేపు కూలి రేటు, ఎల్లుండి పనిగంటలు, చూస్తూ ఉండు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ బల్ల గురించి రాయలేదు. నేను రాస్తాను.

కడ్డీ సంగతి. ఇప్పుడు షెడ్డులో పని ఎక్కువగా ఉంది, బండి మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం. అసలు కడ్డీ ఎందుకక్కా? పడబోతే ఒకళ్ళనొకళ్ళు పట్టుకోండి. ఐక్యత అంటే అదే కదా! ఇనప కడ్డీ కన్నా పక్క మనిషి చెయ్యి గట్టిది.

కాంట్రాక్టరు గురించి నీకున్నది పాత భయం. భుజం తట్టినా, తిట్టినా మన బల్ల మనదే.

ఈ సీటు మహా సుఖంగా ఉంది. తల వెనక్కి ఆనించి చదువుతుంటే వీధి దీపం ఆరేదాకా లేవబుద్ధి కాదు. పిన్ని నా పెళ్ళి బెంగ పెట్టుకోవద్దని చెప్పు. నాకు పెళ్ళి ఉద్యమంతోనే.

నీ తమ్ముడు


మిల్లు క్వార్టర్లు,

తమ్ముడూ,

ఉత్తరం ఆలస్యమైందని కంగారు పడకు. నాకు కొంచెం ఒంట్లో బాగాలేక సెలవు పెట్టాను. పడుకుని రాస్తున్నాను, అందుకే అక్షరాలు కొండెక్కుతున్నాయి.

వ్యాను ఈ మధ్య రావడం లేదు. పిన్ని కూడా పనికి రావడం లేదు. మీ బావ వంట నేర్చుకుంటున్నాడు. ఉప్పు వేశాడో లేదో ఆయనకే తెలియదు, రెండోసారి వేస్తాడు.

నువ్వు వేళకి తిను. ఇప్పుడే రావద్దు, పని పోగొట్టుకోకు.

అక్క


సీట్ల షెడ్డు,
గురువారం పొద్దున్న

అక్కా,

నువ్వు నా దగ్గర ఏం దాస్తున్నావు?

నిన్న కాంట్రాక్టరు సెడాను మళ్ళీ షెడ్డుకి వచ్చింది. మొన్ననే వేసిన కవర్లు విప్పి కొత్తవి వెయ్యాలట. "కడిగాం, వాసన పోవడం లేదు" అన్నాడు కారు డ్రైవరు. వెనక సీటు కవరు కోశాను. పైన తోలు శుభ్రంగానే ఉంది. లోపల స్పాంజి అరచెయ్యి మందాన నెత్తురుతో నల్లగా గడ్డకట్టి ఉంది. ముందు సీటుదీ అంతే. అది పూర్తిగా వెనక్కి వాల్చి ఉంది. దాని కింద, సీటు జరిగే పట్టాల్లో దూది పింజలు ఇరుక్కుని ఉన్నాయి.

కారు డ్రైవరుని కాలరు పట్టుకుంటే చెప్పాడు. బైపాసు మీద వ్యాను ముందు లారీ ఆగిందట, ఆడవాళ్ళకి దెబ్బలు తగిలాయట, వెనకాలే వస్తున్న సెడానులో ఇద్దర్ని వేసుకెళ్ళారట. పేర్లు తెలియవట. మనుషుల్ని మోసుకెళ్ళి పేర్లడగని మనిషి!

ఆ దూది పిన్నిది కాదని రాయి. వెనక సీటులో ఎవరు?

వాణ్ణి వదలకూడదక్కా. ఏడుగురి బండిలో పధ్నాలుగు మంది! కేసు పెట్టండి. అందరూ వెళ్ళి సాక్ష్యం చెప్పండి. భయపడి నోరు మూసుకున్న ప్రతి మనిషీ వాడి వైపున్నట్టే. ఇనస్పెక్టరు వ్యానుని స్టేషనులో పెట్టి, బల్లలు ఎవరు వేశారని ఆరా తీస్తున్నాడని మేస్త్రీ అన్నాడు. నన్ను నోరెత్తవద్దన్నాడు. ఎందుకెత్తకూడదు? నా బల్లలు గట్టివి. ఒక్క బోల్టు ఊడినా నన్ను ఉరి తియ్యమను.

మేస్త్రీ నా మొహం చూడటం లేదు.

వెనక సీటులో ఎవరక్కా?


మిల్లు క్వార్టర్లు,
శనివారం

తమ్ముడూ,

వెనక సీటులో నేను.

ఇది నేను చెబుతుంటే మీ బావ రాస్తున్నాడు. మధ్యలో ఆయన లేచి వరండాలోకి వెళితే నేనాగుతున్నాను. అందుకని ముక్కలు ముక్కలుగా ఉంటుంది.

నీ బల్లలు ఊడలేదురా. అందులో నీ మాటే నిజం. బండి ఆగింది, బల్లలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆగనిది మేమే. లారీకి బెత్తెడు దూరంలో బ్రేకు పడింది. వ్యానుకి గీత కూడా పడలేదు. మా వైపు బల్ల మీద ఏడుగురం పూసల దండ తెగినట్టు ముందుకి జారాం. ఆ చివర పిన్ని ఉంది. ఆవిడ పక్కనే డ్రైవరు సీటు వెనకాల ఇనప చట్రం. ఆవిడ మీద నేను, నా మీద మిగతావాళ్ళు. నువ్వు చెప్పినట్టే ఒకళ్ళనొకళ్ళం పట్టుకున్నాం. గట్టిగా పట్టుకున్నాం. అందుకే అందరం ఒక్క బరువై పడ్డాం.

వ్యానులోనే నేల మీద పడుకోబెట్టి తీసుకెళ్ళి ఉంటే బాగుండేదని పెద్దాసుపత్రి డాక్టరు తరవాత అన్నాడు. కానీ బల్లల మధ్య నేల ఎంతుంది? మనిషి అడ్డంగా నిలబడేంత. ఈలోగా సెడాను వచ్చి ఆగింది. కాంట్రాక్టరు డిక్కీలోంచి గోనెపట్టా తీయించి సీట్ల మీద పరిపించాడు. కొత్త తోలు కదా. పిన్నికి ఊపిరాడటం లేదని ముందు సీటు వెనక్కి వాల్చి పడుకోబెట్టారు. ఆవిడ కాళ్ళు చాపుకుంది. నా వైపు తల తిప్పి, "మెత్తగా ఉందే" అంది. ఊరి మొదట్లోకి వచ్చేసరికి ఆవిడ ఊపిరి ఆగిపోయింది.

ముందు సీటు అంత వాలిస్తే వెనక ఎంత చోటు ఉంటుందో నువ్వు కొలిచావుగా. నన్ను అందులో పట్టించాలి. నాకప్పటికి కాళ్ళు తెలుస్తున్నాయి, నొప్పి తెలుస్తోంది. మధ్యలో ఆ దిమ్మ, పక్కన తలుపు. మోకాళ్ళు మడిచి, నడుం మెలితిప్పి కూర్చోబెట్టి తలుపు వేశారు. తలుపు పడలేదు. ఇంకోసారి నెట్టి వేశారు. అప్పుడు లోపల ఏదో పుల్ల విరిగినట్టయింది. ఆ తరవాత నొప్పి లేదు. హమ్మయ్య అనుకున్నాను. నొప్పి పోతే బతికినట్టే అనుకున్నాను, పిచ్చిదాన్ని. నడుం కింద ఇప్పుడు నాకేమీ తెలియదు.

ఇనస్పెక్టరు మంచం దగ్గరికొచ్చి బల్లలు ఎవరు పెట్టారో తెలుసా అని అడిగాడు. గోడ వైపు తిరిగి పడుకుందామనుకున్నాను. తిరగలేను కదా. తెలియదన్నాను. మిగతావాళ్ళనీ అడిగాడు. వాళ్ళందరికీ నీ పేరు తెలుసు, నాలుగు వీధులకి వినపడేట్టు చెప్పింది నేనేగా. దారాలు చుట్టే అమ్మాయి చెయ్యి విరిగి మెడకి కట్టుకుని ఉంది. అది కూడా తెలియదనే చెప్పింది. ఒక్క గొంతు బయటికి రాలేదు. నువ్వు కోరుకున్న ఐక్యత ఇదే కాబోలు. కాంట్రాక్టరు మాత్రం వెళ్తూ వెళ్తూ మీ బావతో, "మీ బామ్మర్ది తెలివేగా అదంతా" అన్నాడట, మెల్లిగా. అది బెదిరింపో పరామర్శో మీ బావకి ఇప్పటికీ తెలియడం లేదు.

నీ మీద కోపం ఉందా అని అడగకు. ఉంది. పోతుందో లేదో నాకు తెలియదు. నిన్ను ఎత్తుకుని పెంచాను, ఆ రెండూ ఒక్కచోటే ఉన్నాయి, ఏం చెయ్యను.

ఇప్పుడొక పని చెయ్యి. రోజూ కాసేపు నన్ను నిటారుగా కూర్చోబెట్టకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందట. కుర్చీలో నిలవడం లేదు, జారిపోతున్నాను. వీపు ఎత్తుగా ఉండి, తలకి ఆనుడు ఉండి, నడుముకి పట్టీ ఉన్న సీటు కావాలని డాక్టరు అన్నాడు. "అలాంటిది మనకెక్కడ దొరుకుతుంది" అని మీ బావ బెంగపడ్డాడు.

ఎక్కడుందో నాకు తెలుసు.

అక్క


సీట్ల షెడ్డు,
మంగళవారం

అక్కా,

సీటు మేస్త్రీ తీసుకొస్తాడు. ఈ ఉత్తరం సీటు కవరు వెనక జేబులో ఉంటుంది.

దాన్ని గట్టి చెక్క మీద బిగించాం. నాలుగు మూలలా రబ్బరు వేశాం, నేల మీద జారదు. మేస్త్రీ, నేనూ ఇద్దరం దాని మీద నిలబడి ఊపి చూశాం. వీపు ఒక్కసారే నిటారుగా పెట్టొద్దు, పక్కనున్న పిడి తిప్పుతూ రోజుకి కొంచెం లేపమని బావతో చెప్పు. తల దిండు రెండు మెట్లు పైకి లాగాలి, నీ తల వెనక భాగానికి ఆనాలి, మెడకి కాదు. పట్టీ పొట్ట మీదికి రాకూడదు. కిందికి, తుంటి ఎముకల మీదికి రావాలి. బిగించాక నాలుగు వేళ్ళు దూరేంత వదులుండాలి. నీకు స్పర్శ తెలియదు కాబట్టి ఒరుసుకుపోయిందేమో బావ రోజూ చూడాలి. కూర్చునే చోట పాత స్పాంజి తీసేసి కొత్తది వేశాను. నేను కూర్చుని కూర్చుని అది అణిగిపోయింది.

నిన్న స్టేషనుకి వెళ్ళాను. బల్లలు వేసింది నేను, పట్టీలు కోసింది నేను, పధ్నాలుగు మందిని పట్టించమన్నది కాంట్రాక్టరు అని చెప్పాను. ఇద్దరి పేర్లూ రాసుకోమన్నాను. ఇనస్పెక్టరు ఒక పేరే రాసుకున్నాడు. సాయంత్రం మళ్ళీ రమ్మన్నారు, బట్టలు తెచ్చుకోమన్నారు. అందుకే నేను రావడం లేదు.

దారాలు చుట్టే అమ్మాయిని, మిగతావాళ్ళని, తెలియదని ఇక చెప్పొద్దని చెప్పు.

సీటుకి రెండు పక్కలా కడ్డీలు పెట్టాను. నీ చేతికి అందే ఎత్తులోనే పెట్టాను. పట్టుకుని చూడు.

తమ్ముడు